బాపు చెప్పిన కారణం

మా ఆఫీసు కంప్యూటర్లో ఒక ఫోల్డర్ ఉండేది. దాని పేరు 'ఇన్‌స్పిరేషన్'. లోకంలో ఎవరో ఎక్కడో వేసిన పూలు, తీగలు, గోడల మీది బొమ్మలు, ఎవరి పెళ్ళిలోనో ఎవరో కట్టుకున్న చీర కొంగు, అన్నీ ఫోన్ల నుంచి వచ్చి అందులో పడేవి. చీరల మీద ప్రింటు వేసే డిజైన్లు తయారుచేయడం మా పని. తయారుచేయడం అంటే ఆ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని మార్చడం. పువ్వును ఎడమ నుంచి కుడికి తిప్పు, ఒక ఆకు తగ్గించు, నీలం తీసి వంకాయ రంగు పెట్టు. వేసినవాళ్ళు చూస్తే తమదని గుర్తుపట్టకూడదు. కొనేవాళ్ళకు మాత్రం ఎక్కడో చూసినట్టు ఉండాలి. రెండేళ్ళు ఆ పని చేశాను. సూరత్‌లో దాన్ని ఎవరూ దొంగతనం అనరు, నేనూ అనుకోలేదు. ఇప్పుడు ఇంకొకరి మీద కోపంతో రాస్తున్నాను కాబట్టి ఈ సంగతి ముందే ఒప్పుకోవాలి.

ఆఫీసు మా బెన్‌ది. ఇక్కడ ఆడవాళ్ళను గౌరవంగా బెన్ అంటారు, అక్క అన్నట్టు. ముంబైలో డిజైన్ చదివి వచ్చింది. అడాజన్‌లో నదికి దగ్గరగా ఉన్న ఫ్లాట్లలో ఉంటుంది. నాకన్నా ఆరేడేళ్ళు పెద్దది, మంచిగా మాట్లాడుతుంది, నవ్వుతూ మాట్లాడుతుంది. ఆమె చెడ్డ మనిషి అయి ఉంటే నా కోపానికి ఇంత పని ఉండేది కాదు.

మొదటి లాక్‌డౌన్ పెట్టిన రెండో వారంలో బెన్ నా కంప్యూటర్‌ను టెంపోలో భేస్తాన్‌లోని మా ఇంటికి పంపించింది. మాకున్నవి రెండు గదులు. అమ్మ ఆ డబ్బాను గుమ్మం బయటే ఆపి, శానిటైజర్‌తో ముందూ వెనకా తుడిచి, దగ్గు మందు తాగించినంత శ్రద్ధగా లోపలికి తెచ్చింది. ముందు గదిలో నేను, కంప్యూటర్. అదే గదిలో మంచం మీద మా నాన్న, బాపు.

మాది సిరిసిల్ల వైపు. బాపు పెళ్ళికి ముందే సూరత్ వచ్చాడు. అప్పటి నుంచి సాంచెల మీదే పని. పవర్‌లూమును మావాళ్ళు సాంచె అంటారు. షెడ్డులో కిటికీల పక్కనున్న ముందు వరుసలో ఎనిమిది సాంచెలు బాపువి. అంటే నడిపేది ఆయన, యజమాని సేఠ్. మంచి రకం బట్ట ముందు వరుస మీదే నేయిస్తారు. సాంచె మీది నుంచి కోసి దింపిన బట్ట నిడివిని ఇక్కడ తాకా అంటారు. బాపు తాకా అయితే మడత బల్ల మీద పరిచి తప్పులు వెతకాల్సిన పని లేదని షెడ్డు మాస్టర్ అనేవాడట. ఆ మాట మా ఇంట్లో పండగలప్పుడు కూడా చెప్పుకునేవాళ్ళం.

సాంచెలు ఆగిపోయాక బాపుకు ఇంట్లో ఎలా ఉండాలో తెలియలేదు. ఇన్నేళ్ళు ఆ చప్పుడు మీద అరిచి మాట్లాడిన గొంతు. ఉప్పు అడిగినా మొత్తం గల్లీకి వినిపించేది.

"జర మెల్లగ మాట్లాడయ్యా," అనేది అమ్మ. "మనం ఇయ్యాల ఏం కూర వండుకున్నమో ఆ సందు మీదోళ్ళకు గూడ ఎరుకైతున్నది."

"ఏం కూర వండినవని దాచుకోవాలె? ఆలుగడ్డనే కద!"

ఆ గొడవ మధ్య నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో బొమ్మలు చూసేదాన్ని. ఆ వేసవిలో మ్యూజియంలు, గ్యాలరీలు తలుపులు మూసేసి తమ గదులన్నీ ఫోన్లలో చూపించడం మొదలుపెట్టాయి. అంతకుముందు కొత్త కళ అంటే నాకు బెదురు. అలాంటి చోటికి వెళ్ళి, ఒకదాని ముందు నిలబడి, అర్థం కాకపోతే ఆ సంగతి నా ముఖంలో పక్కవాళ్ళకు తెలిసిపోతుందని. ఫోన్లో మన ముఖం ఎవరూ చూడరు. ఒక స్త్రీ పాత గోనెసంచుల పోగులు ఒక్కొక్కటే ఊడదీసి పెద్ద హాలు నిండా వేలాడదీసింది. ఇంకొకరు ఒక వీధి చప్పుడును తెర మీద కదిలే గీతలుగా మార్చారు. వీడియో ఆపి ఆపి వాటిని డైరీలో గీసుకున్నాను. పక్కన మాటలు రాసుకున్నాను. ఇరవై మూడేళ్ళ వయసులో, రోజూ బొమ్మల పనే చేస్తూ, నాకంటూ చూసే కళ్ళున్నాయని అప్పుడే తెలిసింది.

తరువాత ఒక ఉదయం మా దిండు కవర్ చూశాను.

మా ఇంట్లో దిండు కవర్లు, బిందె మీద కప్పే గుడ్డ, వంటింటి మసిగుడ్డ అన్నీ డ్యామేజీ ముక్కలే. నేతలో పాడైన చోటును తాకాలోంచి కోసి పారేస్తారు, కార్మికులు ఇంటికి తెచ్చుకుంటారు. పేక పోగు తప్పిపోయి పాపిట తీసినట్టు వచ్చిన గీత ఒకదాంట్లో. నూనె బొటనవేలి ముద్ర ఒకదాంట్లో. ఈ దిండు కవర్‌లో మాత్రం పడుగు పోగులు, అంటే నిలువు పోగులు, ముప్పై నలభై ఒక్కసారే తెగి, అడ్డం పోగులు పట్టు లేకుండా మూరెడు పొడవున వేలాడుతున్నాయి. బాల్కనీ వెలుతురులో పెడితే వాన పడుతూ పడుతూ మధ్యలో నిలిచిపోయినట్టు ఉంది. ఇలాంటి బట్ట ఏ మ్యూజియంలోనూ లేదు. నేను దాని మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాను.

దాన్ని పెద్దగా, వివరంగా ఫోటోలు తీసి కంప్యూటర్లో ఎక్కించాను. ఆరు రోజులు పట్టింది. ప్రింటు డిజైన్ అంటే ఒక గడి గీసి, చీర పొడుగునా అదే మళ్ళీ మళ్ళీ వచ్చేలా అంచులు అతికించడం. ఆ తెగిన చోటును అలా గడిగా చేస్తే చచ్చిపోతోంది. ప్రతి జానెడుకూ వస్తే అది తెగడం కాదు, ఒట్టి నమూనా. నాలుగో రోజు తట్టింది: మళ్ళీ రానివ్వకూడదు. చీర మొత్తంలో ఒక్కసారే, కుచ్చిళ్ళ దగ్గర తెగి, కొంగు దాకా వేలాడుతూ పోవాలి. ఫోల్డర్ తెరవకుండా నేను చేసిన మొదటి డిజైన్ అది. ఆ ఆరు రోజులు నేను సంతోషంగా ఉన్నాను. ఆ మాట రాయడానికి కూడా ఇప్పుడు చిరాకుగా ఉంది.

బెన్‌కు పంపించాను. అయిదు నిమిషాల్లో ఫోన్.

"అరే యార్, ఏ ఫోల్డర్‌లోది ఇది?"

"ఫోల్డర్‌లోది కాదు బెన్. మా దిండు కవర్. మా నాన్న నేసిన బట్ట."

ఆమె గొంతు మారిపోయింది. ఆన్‌లైన్‌లో ఒక ప్రదర్శన జరుగుతోందట, ఆర్టిస్టులు, డిజైనర్లు బట్ట మీద చేసిన పనులు పెడతారట. "మనం ఇది పెడదాం. చీర ఒక్కటే చాలదు, కథ కావాలి. మీ నాన్నగారి చేతులు, గొంతు. వీడియో కాల్ చేస్తాను, ఫోన్ కదలకుండా పెట్టు, చాలు."

ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి పెట్టాను. మా కంపెనీ మేడమ్ నీ పని చూస్తానంటోంది అని మాత్రం బాపుకు చెప్పాను. ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ట్రంకు పెట్టెలోంచి ఒక తెల్లటి ముక్క తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఎప్పుడో నేసిన మంచి బట్ట, ఒక్క మచ్చ లేనిది.

"నమస్తే అంకుల్! ఆప్ తో కలాకార్ నికలే!" అంది బెన్.

బాపు ఆ ముక్కను రెండు చేతులతో పట్టి చూపించాడు. "దేఖియే మేడమ్, ఎక్ భీ దాగ్ నహీ."

"బహుత్ అచ్ఛా అంకుల్. లేకిన్ వో వాలా దిఖాయియే నా, ఖరాబ్ వాలా."

ఆమె అడిగిన ఆ పాడైన ముక్కను, దిండు కవర్‌ను, నేను అందించాను. బాపు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, లేచి నిలబడ్డాడు.

షెడ్డులో పాడైన బట్ట ఎదురుగా పెట్టి నిన్ను పిలిచారంటే ఒకటే అర్థం. మడత బల్ల దగ్గరకు వెళ్ళాలి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి, ఎందుకు పాడైందో చెప్పాలి. బాపు మా ముందు గదిలో, ఒక డబ్బాకు ఆనించిన ఫోన్ ముందు అలా నిలబడి హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. "గల్తీ హో గయా మేడమ్. లేకిన్ గల్తీ బీమ్ కా థా." తప్పు జరిగింది కానీ అది బీముదని, పడుగు చుట్టి వచ్చిన ఆ బీముకు గంజి సరిగా పట్టలేదని, పోగులు జంటలు జంటలుగా అతుక్కుని గుంపుగా తెగుతున్నాయని, మాస్టర్‌కు రెండుసార్లు చెబితే నడిపించమన్నాడని, నడిపిస్తే నలభై పోగులు ఒక్కసారే పోయాయని, ఆపేలోపే ఇంత బట్ట పాడైందని చెప్పాడు.

"వావ్," అంది బెన్. "ఫిర్ సే బోలియే అంకుల్. జర ధీరే."

నమ్మలేదేమో అనుకుని బాపు మళ్ళీ చెప్పాడు. ఈసారి మెల్లగా. ఆమె మూడోసారి అడిగింది. మూడోసారి కూడా చెప్పాడు, చెమట తుడుచుకుంటూ. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన ఏమనుకుంటున్నాడో మొదటి నిమిషంలోనే నాకు తెలిసింది. ఒక్క అడుగు ముందుకేసి, బాపూ, ఇది మడత బల్ల కాదు, కూర్చో, అనొచ్చు. అనలేదు. మేడమ్ ముందు తెలుగులో మాట్లాడటానికి సిగ్గుపడ్డాను.

కాల్ అయిపోయాక అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏందయ్యా, నీ మీద ఏమన్న పెట్టిందా?"

"లేదే. మంచిగనే విన్నది. గా బీము సంగతి ఇన్నాళ్ళకు ఒకలు పూరా విన్నరు."

ఆ కాల్‌ను రికార్డు చేసి బెన్ ప్రదర్శనలో పెట్టిన వీడియో నిమిషన్నర ఉంది. మెల్లగా పియానో. బాపు చేతులు, చెమట పట్టిన మెడ, వేలాడే పోగులు, తరువాత నా చీర డిజైన్. బాపు గొంతు: "గల్తీ హో గయా." పియానో. "ఎక్ సాథ్ గయా." పియానో. "గల్తీ హో గయా." బీము లేదు. గంజి లేదు. మాస్టర్‌కు రెండుసార్లు చెప్పడం లేదు. తప్పు కూడా ఒక కవితే అని ఇంగ్లీషులో తెల్లక్షరాలు. ఆలోచన, డిజైన్ అని బెన్ పేరు. చివర్లో కృతజ్ఞతలు: నేత అంకుల్. నా పేరు ఎక్కడా లేదు, అది చూసి నాకు కోపం వచ్చింది. ఆ కోపం ముందు వచ్చినందుకు తరువాత ఇంకా కోపం వచ్చింది.

వానలు పడుతుండగా షెడ్డు తెరిచారు. బాపు మాస్కు కట్టుకుని, కొత్త పనిలో చేరేవాడిలా వెళ్ళాడు. తిరిగి వచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు. సేఠ్ ఇంట్లో ఎవరో ఆ వీడియో చూశారట. సేఠ్ నుంచి మాస్టర్‌కు, మాస్టర్ నుంచి షెడ్డులో అందరికీ వెళ్ళిందట.

"ఆవో హీరో అన్నడు మాస్టర్. డ్యామేజీ మాస్టర్ ఆగయా అన్నడు. అందరు నవ్విన్రు. ముందు వరుస ఇంకొకలకు ఇచ్చిన్రు. నన్ను ఎనక గోడకు ఏసిన్రు, పాత సాంచెల మీద."

వెనక గోడ దగ్గర సాంచెల మీద నాసిరకం బట్ట నేస్తారు. డ్యామేజీ వచ్చినా ఎవరికీ పట్టదు. కొత్తగా వచ్చినవాళ్ళను, చూపు ఆననివాళ్ళను అక్కడ వేస్తారు.

"ఫోన్ల పడ్డవు గద, సంబురపడు," అంది అమ్మ. అని, చెంబు విసురుగా పెట్టింది.

బాపు నన్ను అడిగాడు. "బిడ్డా, నా మాట పూరా పెట్టలేదా ఆమె?"

చూపించాను. ఒక్కసారి చూశాడు. ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

బెన్‌కు రాశాను: దయచేసి వీడియో తీసేయండి, మా నాన్నకు పనిలో ఇబ్బంది అయింది. ఆమె గొంతు రికార్డు చేసి పంపింది. అది అవమానం కాదు, గౌరవం అట. చూసినవాళ్ళు ఏడుస్తున్నారట. "ఆదివారం లైవ్ ఉంది. నువ్వూ రా. నీకు ఈ ఇన్‌స్పిరేషన్ ఎలా వచ్చిందో రెండు నిమిషాలు చెప్పు. నీకూ బాగుంటుంది."

వెళ్ళాలని ఎందుకు అనుకున్నానో నాకు తెలుసు. నలుగురు వినే చోట చెబితే తీయక తప్పదు అనుకున్నాను. చెప్పాల్సిన మాటలు డైరీలో హిందీలో రాసుకుని, పేజీ కంప్యూటర్ పక్కన పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం తెర నిండా చిన్న చిన్న గడుల్లో ముఖాలు. ఒకాయన వెనక గోడంతా పుస్తకాలు. బెన్ చేనేత చీర కట్టుకుంది. "మా టీమ్‌లో అమ్మాయి, చాలా సిగ్గరి," అని నన్ను పరిచయం చేసింది. మైకు వేసి, తల ఎత్తకుండా చదివాను. "ఈ వీడియోలో ఉన్నది మా నాన్న. ఆయన కవిత చెప్పడం లేదు. పాడైన బట్ట చూపించి అడిగారు కాబట్టి భయపడి క్షమాపణ అడుగుతున్నాడు. దీనివల్ల ఆయన సాంచెలు పోయాయి. దీన్ని తీసేయండి."

తెర కింద నుంచి ఎర్రటి హృదయాలు పైకి తేలడం మొదలుపెట్టాయి. ఒకటి, పది, లెక్క లేనన్ని. పుస్తకాల ముందున్నాయన కళ్ళజోడు తీశాడు. ఈ రోజు విన్నవాటిలో మనసును తాకింది ఇదే అన్నాడు. "ఇది రికార్డు అవుతోంది కదా?"

"అవుతోంది సర్," అంది బెన్.

కంప్యూటర్ స్విచ్చి గోడ దగ్గర ఆపేశాను. వెనక్కి తిరిగితే తలుపులో బాపు ఉన్నాడు. ఆయనకు హిందీ నాకన్నా బాగా వచ్చు.

"గదేంది బిడ్డా? నేను మాఫీ ఎప్పుడు అడిగిన?"

"బాపూ, నువ్వు లేచి నిలబడి..."

"నిలవడితె? పెద్దోళ్ళ ముంగట నిలవడమా? భయపడ్డ అన్నవు. నేనెందుకు భయపడుత? కారణం చెప్పిన. మూడు పారీలు చెప్పిన. ఆమె కోసింది, సరే, ఆమెకు ఎరుక లేదు. నువ్వు సాంచెల చప్పుడుల పుట్టినవు. నువ్వు గూడ గట్లనే కోసినవు కద!"

జవాబు కోసం డైరీ తీశాను, ఏదో ఒకటి చూపించాలని. ఆ వీడియో కాల్ రోజున రాసిన పేజీలు ఆరు ఉన్నాయి. ఆయన ఉతికిన చొక్కా ఉంది, మెడ మీద చెమట ఉంది, వణికిన వేళ్ళు ఉన్నాయి. వేళ్ళు వణకలేదు, అది నేను కల్పించాను. బీము అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

అప్పుడు వచ్చిన కోపం ఎవరి మీదో వేరుచేసి చెప్పలేను. కంప్యూటర్ మళ్ళీ వేసి, దిండు కవర్ ఫోటో తెరిచాను. "బీము సంగతి ఇందులో ఏమన్నా కనిపిస్తుందా?" అన్నాను.

బాపు కుర్చీ లాక్కుని తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు. "ఇంక పెద్దగ చెయ్యి. ఇంక. ఆగు." వేలు పెట్టాడు. తెగిన చోటుకు పైన, ఇంకా తెగని భాగంలో, పోగులు రెండేసి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మధ్యలో ఎండిన గంజి చిన్న చిన్న పొలుసులుగా. "ఇగో. ఇగో. గీడ గూడ. ఎవడన్న సాంచె తెలిసినోడు చూస్తె అడుగనే అడుగడు." ఆరు రోజులు నేను ఆ ఫోటో మీదే కూర్చున్నాను. ఆ జంటపోగులు అందానికి అడ్డంగా ఉన్నాయని చీరలో చెరిపేశాను కూడా.

వాటి చుట్టూ ఎర్రటి సున్నాలు గీశాను. పక్కన బాపు చెప్పినట్టు హిందీలో రాశాను, షెడ్డువాళ్ళు చదవగలిగేలా. రాసింది చదివి వినిపిస్తే ఒకచోట ఆపాడు.

"రెండు పారీలు చెప్పిన అని రాయి. చెప్పిన అంటె సరిపోదు."

"మాస్టర్ పేరు?"

"పేరు వద్దు. మాస్టర్ అంటె చాలు. ఆనికి తెలుస్తది."

దాన్ని బెన్ వీడియో కింద పెట్టాను. గంటలో తీసేసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీసేసింది. అప్పుడు నా పేరు మీదే, నా పేజీలో పెట్టి, బాపు ఫోన్ నుంచి ఆయనకు తెలిసిన అందరికీ పంపించాను. హృదయాలు రాలేదు. సూరత్‌లోనే ఉన్ అనే పేట నుంచి ఒకాయన, మా దగ్గరా ఇవే బీములు వస్తున్నాయి అని రాశాడు. ఇంకొకాయన, ఏ సైజింగ్ మిల్లులో గంజి పెట్టించారు అని అడిగాడు. ఒకాయన తన డ్యామేజీ ముక్క ఫోటో తీసి, దానికీ సున్నాలు గీయమని పంపించాడు.

బెన్ ఫోన్ చేసింది. వీడియో తీసేశానంది. "ఎంత అందంగా ఉండేది. పాడుచేశావు," అంది. నిజంగానే బాధపడుతోంది. నేను సారీ చెప్పలేదు. ఎప్పుడూ అలవాటుగా చెప్పేదాన్ని, ఆ రోజు పళ్ళ బిగువున ఆపుకున్నాను. రెండు రోజుల తరువాత కంప్యూటర్ కోసం టెంపో వచ్చింది. ఫోటోలన్నీ అప్పటికే నా దగ్గర పెట్టుకున్నాను.

ఆ వారంలోనే మాస్టర్ బాపును మడత బల్ల దగ్గరకు పిలిచాడు. చేతిలో ఫోన్, దాంట్లో ఎర్ర సున్నాలు. ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాడట. "దో బార్ బోలా," అన్నాడట బాపు. మాస్టర్ అటూ ఇటూ చూసి, ముందు వరుసలో నాలుగు సాంచెలు తిరిగి ఇచ్చాడు.

"మరి కడమ నాలుగు?" అంది అమ్మ, అన్నం వడ్డిస్తూ.

"అడుగుత."

"ఎట్ల అడుగుతవు? ఇచ్చింది సాలనుకొమ్మంటడు."

బాపు అన్నం కలుపుతూ నా వైపు తిరిగాడు. "ఆ ఎర్ర సున్నాల బొమ్మ కాయితం మీద తీపియ్యి బిడ్డా. పెద్దగ తీపియ్యి. మాస్టర్‌కు దగ్గరిది సరిగ కనవడది."